లినక్స్ లాప్‌టాప్‌లో డ్రైవర్ మొరాయిస్తే: ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చేయాలి

లినక్స్ వేశాక వైఫై గుర్తే కనపడదు. లేదా సౌండ్ రాదు. లేదా గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కించి రీస్టార్ట్ చేస్తే నల్లటి స్క్రీన్ దగ్గర ఆగిపోతుంది. విజయవాడ, గుంటూరు వైపు ఇంజినీరింగ్ విద్యార్థులు పదేపదే అడుగుతున్న ప్రశ్నలివే. చాలామంది గూగుల్‌లో మొదట దొరికిన కమాండ్ కొడతారు, అది పనిచేయకపోతే ఇంకోటి, చివరికి మొత్తం ఫార్మాట్ చేస్తారు. ఫార్మాట్ చేసినా అదే కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్), అదే ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) మళ్లీ వచ్చి కూర్చుంటాయి కాబట్టి సమస్య ఎక్కడికీ పోదు.

ఒక పరికరం పనిచేయాలంటే నాలుగు కలిసి రావాలి. ఆ చిప్ మెషీన్‌కి కనపడాలి. దానికి కెర్నల్‌లో డ్రైవర్ (ఆ చిప్‌ని నడిపే కోడ్) ఉండాలి. ఆ డ్రైవర్‌కి కావాల్సిన ఫర్మ్‌వేర్ ఫైల్ దొరకాలి. ఆపైన ఏ సెట్టింగూ అడ్డుపడకూడదు. ఈ నాలుగింట్లో ఏది తెగిందో తేలాకే చెయ్యి పెట్టండి.

ఉదాహరణలన్నీ ఉబుంటు 24.04, లినక్స్ మింట్ 22లకు సరిపోయేలా ఇచ్చాం. డెబియన్, ఫెడోరాల్లో ప్యాకేజీ పేర్లు, ఎక్కించే కమాండ్లు మారతాయి, వరుస మాత్రం ఇదే.

కమాండ్లను పలికినట్టు తెలుగులో రాశాం. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. ముందు "సుడో" ఉంటే ఆ కమాండ్ అడ్మిన్ అధికారంతో నడుస్తుంది. ఖాళీ, డ్యాష్, అండర్‌స్కోర్, స్లాష్ (/) ఎక్కడున్నాయో అక్కడే ఉండాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెప్పాం.

1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆండ్రాయిడ్ ఫోన్, దానికి డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్
- 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు లేదా మింట్ లైవ్ ఇమేజ్ (డిస్క్ మీద ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది)
- చార్జర్ (మధ్యలో బ్యాటరీ అయిపోతే కెర్నల్ అప్‌డేట్ సగంలో తెగుతుంది)
- టైమ్‌షిఫ్ట్‌తో తీసిన ఒక స్నాప్‌షాట్ (ఏదైనా చెడితే సిస్టమ్‌ని పాత స్థితికి తెచ్చుకోవడానికి)
- చేసిన ప్రతి మార్పూ రాసుకోవడానికి ఒక కాగితం

వైఫై లేనప్పుడు నెట్ ఎలా అన్న ప్రశ్నకు ఫోనే జవాబు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని మామూలు వైర్ కనెక్షన్‌లా తీసుకుంటుంది, వేరే డ్రైవర్ అక్కర్లేదు. ఫోన్ వైఫైకి కలిసి ఉంటే ఆ నెట్టే లాప్‌టాప్‌కి వస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు.

టెథరింగ్ ఆప్షన్ మసకగా ఉండి నొక్కుడు పడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద తక్కువ ధరకు దొరికే కేబుళ్లలో కొన్ని చార్జింగ్‌కే పనికొస్తాయి. వాటిలో డేటా తీగలు ఉండవు.

2. అసలిది డ్రైవర్ సమస్యేనా?

డ్రైవర్ తప్పు కానివి ముందు తీసేయండి. పది నిమిషాల పని.

వైఫై రేడియో ఆపేసి ఉందా?

ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్

"సాఫ్ట్ బ్లాక్డ్: యెస్" అని వస్తే సాఫ్ట్‌వేర్ ఆపింది. "సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్" కొడితే తెరుచుకుంటుంది. "హార్డ్ బ్లాక్డ్: యెస్" అంటే లాప్‌టాప్ పక్కనున్న స్విచ్చో, ఎఫ్‌ఎన్ కీతో నొక్కే విమానం బొమ్మో చూడాలి. కొన్ని పాత లెనోవో ఐడియాప్యాడ్‌లలో స్విచ్చే లేకపోయినా ఐడియాప్యాడ్ పేరుతో ఉన్న వరుస హార్డ్ బ్లాక్ చూపిస్తుంది. అప్పుడు "సుడో మాడ్‌ప్రోబ్ -ఆర్ ఐడియాప్యాడ్_లాప్‌టాప్" కొట్టి చూడండి. వైఫై వస్తే కారణం ఆ మాడ్యూలే (మాడ్యూల్ అంటే కెర్నల్‌కి విడిగా తగిలించే డ్రైవర్ భాగం).

విండోస్ కూడా ఉందా? విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా అది సగం నిద్రే. వైఫై కార్డు ఆ సగం నిద్రలోనే ఉండిపోయి లినక్స్‌కి పలకదు. విండోస్‌లో షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కి లినక్స్‌లోకి రండి. వైఫై వచ్చిందంటే దొంగ దొరికినట్టే. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి.

వైఫై కలిసింది గానీ పేజీలు తెరుచుకోవట్లేదా? కానూరు, వడ్డేశ్వరం వైపు హాస్టళ్లలో ఉండేవాళ్లు దీన్ని ముందు చూసుకోండి. కలిశాక లాగిన్ పేజీ అడిగే నెట్‌వర్క్ అయితే, ఆ పేజీ తెరుచుకునేదాకా నెట్ రాదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో బాగా పనిచేస్తుంటే డ్రైవర్‌ని ముట్టుకోకండి.

ఎండాకాలం మధ్యాహ్నాల్లోనే ఆగుతూ నడుస్తోందా? రోహిణి కార్తెలో బెజవాడ గదుల్లో, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో లాప్‌టాప్ వేడెక్కి ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఎల్‌ఎం-సెన్సర్స్ ప్యాకేజీ వేసి "సెన్సర్స్" అని కొట్టండి. పెద్ద పని లేకుండానే ప్రాసెసర్ 90 డిగ్రీల దగ్గర కూర్చుంటే కావాల్సింది ఫ్యాన్ శుభ్రం, కొత్త థర్మల్ పేస్టు.

చివరిగా లైవ్ పెన్‌డ్రైవ్ పరీక్ష. డిస్క్ మీద ఏమీ రాయకుండా, దాన్నుంచే బూట్ చేసి చూడండి. లైవ్‌లో పనిచేసి, ఎక్కించినదాంట్లో పనిచేయకపోతే తేడా మీ సిస్టమ్‌లోనే ఉంది. రెండిట్లోనూ రాకపోతే తర్వాతి మెట్టు.

3. చిప్ ఐడీ పట్టుకోవడం

ఈ మార్గదర్శి మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. లాప్‌టాప్ మోడల్ పేరు పట్టుకుని వెతికితే దారి తప్పుతారు, ఎందుకంటే ఒకే మోడల్‌లో ఒక బ్యాచ్‌కి ఇంటెల్ కార్డు, ఇంకో బ్యాచ్‌కి రియల్‌టెక్ కార్డు రావచ్చు. చిప్ ఐడీ మాత్రం అబద్ధం చెప్పదు.

ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే

పొడుగ్గా వచ్చే జాబితాలో "నెట్‌వర్క్ కంట్రోలర్" అన్న చోట ఇలా ఉంటుంది:

02:00.0 నెట్‌వర్క్ కంట్రోలర్ [0280]: రియల్‌టెక్ ఆర్‌టీఎల్8821సీఈ [10ఈసీ:సీ821]
కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్: ఆర్‌టీడబ్ల్యూ_8821సీఈ
కెర్నల్ మాడ్యూల్స్: ఆర్‌టీడబ్ల్యూ88_8821సీఈ

చదరపు బ్రాకెట్లలో, కోలన్‌కి ఎడమ పక్కది తయారీదారు, కుడి పక్కది చిప్. 10ఈసీ అంటే రియల్‌టెక్, 8086 ఇంటెల్, 14ఈ4 బ్రాడ్‌కామ్, 14సీ3 మీడియాటెక్, 10డీఈ ఎన్‌విడియా, 1002 ఏఎండీ.

ఇప్పుడు కింది వరుసలు చూడండి.

- "డ్రైవర్ ఇన్ యూజ్" ఉంది: డ్రైవర్ చిప్‌ని పట్టుకుంది. లోపం ఫర్మ్‌వేర్‌లోనో సెట్టింగ్‌లోనో ఉంది.
- "కెర్నల్ మాడ్యూల్స్" ఉంది, "ఇన్ యూజ్" లేదు: డ్రైవర్ ఉంది, ఎక్కలేదు. కారణం లాగ్‌లో (కెర్నల్ రాసుకునే చిట్టాలో, 4వ మెట్టు) దొరుకుతుంది.
- రెండూ లేవు: ఈ కెర్నల్‌కి ఆ చిప్ తెలియదు. కొత్త కెర్నల్ లేదా బయటి డ్రైవర్ కావాలి.
- చిప్ వరుసే లేదు: కార్డు వదులైంది, బయోస్‌లో (లినక్స్ కన్నా ముందు వచ్చే లాప్‌టాప్ సొంత సెట్టింగ్స్‌లో) ఆపేసి ఉంది, లేదా పాడైంది. సాఫ్ట్‌వేర్‌తో బాగుపడదు.

బ్లూటూత్, వెబ్‌క్యామ్, వేలిముద్ర సెన్సర్ సాధారణంగా యూఎస్‌బీ దారిలో ఉంటాయి. వాటికి "ఎల్‌ఎస్‌యూఎస్‌బీ" కొట్టండి. వైఫై, బ్లూటూత్ ఒకే కార్డు మీద ఉన్నా రెండు వేర్వేరు దారుల్లో కలుస్తాయి. అందుకే ఒకటి పనిచేసి రెండోది చేయకపోవడం వింతేమీ కాదు.

4. కెర్నల్ ఏం చెబుతోంది?

సుడో జర్నల్‌సీటీఎల్ -కే -బీ

ఈ బూట్‌లో కెర్నల్ రాసుకున్నదంతా వస్తుంది. స్లాష్ (/) నొక్కి డ్రైవర్ పేరు టైప్ చేస్తే ఆ చోటికి వెళుతుంది. నల్లటి స్క్రీన్ వచ్చి బలవంతంగా ఆపి ఉంటే, చివర "-బీ -1" అని పెట్టి అంతకుముందు బూట్ లాగ్ చూడండి.

కనపడే మాటలు, వాటి అర్థాలు:

"డైరెక్ట్ ఫర్మ్‌వేర్ లోడ్... ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2". ఫర్మ్‌వేర్ ఫైల్ లేదు. కావాల్సిన ఫైల్ పేరు ఆ వరుసలోనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ఇంటెల్ వైఫై డ్రైవర్ కొత్త వెర్షన్ నుంచి పాతదాకా వరుసగా వెతుక్కుంటుంది. రెండు మూడు సార్లు ఇలా రాసి, తర్వాత "లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్" అని వస్తే అంతా బాగానే ఉన్నట్టు.

"కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్". సెక్యూర్ బూట్ (డిజిటల్ సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే భద్రతా ఏర్పాటు) ఆ మాడ్యూల్‌ని ఒప్పుకోలేదు. 6వ మెట్టుకి వెళ్లండి. మాడ్‌ప్రోబ్ కొట్టినప్పుడు కూడా ఇదే మాట వస్తుంది.

"ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్", పక్కనే "వెర్షన్ మ్యాజిక్". మాడ్యూల్ వేరే కెర్నల్ కోసం కట్టింది (కంపైల్ చేసింది). ఇప్పటి కెర్నల్‌కి మళ్లీ కట్టాలి.

"ఎర్రర్ -110". చిప్ గడువులోగా జవాబివ్వలేదు. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టండి. మొండికేసిన కార్డుల్లో కొన్ని దీనితోనే లేస్తాయి.

5. మందు వేసే వరుస

తేలిక నుంచి కష్టానికి వెళ్లండి. ఒక్కో మెట్టు తర్వాత రీస్టార్ట్ చేసి, పనిచేస్తోందేమో చూసి, తర్వాతి మెట్టుకి పోండి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తెలియదు.

మొదటిది, పూర్తి అప్‌డేట్:

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్

రెండోది, ఫర్మ్‌వేర్. ఉబుంటు, మింట్‌లలో "లినక్స్-ఫర్మ్‌వేర్" ప్యాకేజీ ఉందో లేదో చూసి, అనుమానంగా ఉంటే మళ్లీ ఎక్కించండి. డెబియన్‌లో చిప్‌ని బట్టి "ఫర్మ్‌వేర్-రియల్‌టెక్", "ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై" లాంటివి విడివిడిగా ఉంటాయి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇవి ఇన్‌స్టాల్ ఇమేజ్‌లోనే వస్తున్నాయి. అంతకుముందు ఇమేజ్ వాడుతుంటే వైఫై రాకపోవడానికి అదే కారణం కావచ్చు.

మూడోది, కొత్త కెర్నల్. మీది ఏదో "యూనేమ్ -ఆర్"తో తెలుస్తుంది. లినక్స్‌లో డ్రైవర్లు ఎక్కువ భాగం కెర్నల్‌లోనే వస్తాయి కాబట్టి, కొత్త చిప్‌కి పాత కెర్నల్ పెట్టుకుని ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. రియల్‌టెక్ 8821సీఈకి మద్దతు 2020లో వచ్చిన 5.9 కెర్నల్‌తో మొదలైంది. మీడియాటెక్ ఎంటీ7921కి 5.12 కావాలి. రియల్‌టెక్ 8852బీఈకి 2023లో వచ్చిన 6.2 కావాలి. ఉబుంటు 22.04 మొదట 5.15 కెర్నల్‌తో వచ్చింది, అందుకే 8852బీఈ ఉన్న లాప్‌టాప్‌లో దాని పాత ఇమేజ్ వేస్తే వైఫై కనపడదు. 24.04లో మొదటి నుంచీ 6.8 ఉంది, అదే కార్డు మామూలుగా పలుకుతుంది. 24.04లో ఇంకా కొత్త కెర్నల్ కావాలంటే:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్-జెనెరిక్-హెచ్‌డబ్ల్యూఈ-24.04

మింట్‌లో అప్‌డేట్ మేనేజర్ వ్యూ మెనూలోని లినక్స్ కెర్నల్స్ నుంచి తీసుకోండి.

నాలుగోది, డిస్ట్రో (మీరు వేసుకున్న ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకం) ఇచ్చే బయటి డ్రైవర్. మింట్‌లో డ్రైవర్ మేనేజర్, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్. టెర్మినల్‌లో అయితే:

ఉబుంటు-డ్రైవర్స్ డివైసెస్
సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్

ఐదోది, అన్నిటికంటే చివరిది, గిట్‌హబ్ నుంచి సోర్స్ కోడ్ తెచ్చుకుని కట్టుకోవడం. డీకేఎంఎస్ పద్ధతి ఇచ్చే సోర్స్‌నే ఎంచుకోండి. డీకేఎంఎస్ ఉంటే కెర్నల్ మారిన ప్రతిసారీ మాడ్యూల్ తనంతట తానే మళ్లీ కట్టుకుంటుంది. లేకపోతే వచ్చే అప్‌డేట్‌తో వైఫై మళ్లీ పోతుంది. కట్టే ముందు హెడర్స్ (మాడ్యూల్ కట్టడానికి కావాల్సిన కెర్నల్ ఫైళ్లు) ఉండాలి: మామూలు కెర్నల్‌కి "లినక్స్-హెడర్స్-జెనెరిక్", పైన చెప్పిన కొత్త కెర్నల్‌కి "లినక్స్-హెడర్స్-జెనెరిక్-హెచ్‌డబ్ల్యూఈ-24.04". "డీకేఎంఎస్ స్టేటస్"లో మీ కెర్నల్ పక్కన "ఇన్‌స్టాల్డ్" అని రావాలి. "యాడెడ్" దగ్గరే ఆగితే కట్టడం విఫలమైనట్టు.

గిట్‌హబ్‌లో చివరి మార్పు ఎప్పుడు జరిగిందో చూడకుండా ఏదీ ఎక్కించకండి. నాలుగైదేళ్లుగా ఎవరూ ముట్టని సోర్స్ ఇప్పటి కెర్నల్ మీద కట్టుబడకపోవడమే మామూలు. తెలియని స్క్రిప్ట్‌ని సుడోతో నడపడం ఇంటి తాళం చెవి దారినపోయేవాళ్ల చేతిలో పెట్టడమే.

6. సెక్యూర్ బూట్, ఆ నీలం స్క్రీన్

డ్రైవర్ సరిగ్గా ఎక్కించీ చాలామంది ఓడిపోయేది ఇక్కడే.

మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్

"ఎనేబుల్డ్" అని వస్తే, సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు. డీకేఎంఎస్ డ్రైవర్ ఎక్కించేటప్పుడు ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. అది మీ లాగిన్ పాస్‌వర్డ్ కాదు, ఒక్కసారికే వాడేది. కనీసం 8 అక్షరాలు ఉండాలి. కాగితం మీద రాసుకోండి.

రీస్టార్ట్ చేయగానే నీలం స్క్రీన్ వస్తుంది. పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే అది వెళ్లిపోయి మామూలుగా బూట్ అవుతుంది. ఏదో ఎర్రర్ అనుకుని వదిలేసేవాళ్లు ఎక్కువ. అక్కడ చేయాల్సింది:

1. ఏదైనా కీ నొక్కండి
2. "ఎన్‌రోల్ మోక్" ఎంచుకోండి (మోక్ అంటే మెషీన్ యజమాని సంతకం కీ)
3. "కంటిన్యూ", తర్వాత "యెస్"
4. రాసుకున్న పాస్‌వర్డ్ కొట్టండి (తెర మీద చుక్కలు కూడా కనపడకపోవచ్చు)
5. "రీబూట్"

స్క్రీన్ తప్పిపోతే కంగారు అక్కర్లేదు. కింది కమాండ్‌తో మళ్లీ పిలవచ్చు. చివరి ఫైల్ పేరులో ఎంఓకే మూడూ పెద్ద అక్షరాలు.

సుడో మోక్‌యుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/షిమ్-సైన్డ్/మోక్/ఎంఓకే.డెర్

ఈ దారిలో "వార్" అంటే వీ, ఏ, ఆర్. "లిబ్" అంటే ఎల్, ఐ, బీ. "డెర్" అంటే డీ, ఈ, ఆర్.

బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయడం సులువే గానీ, పక్కన విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే ఏర్పాటు) ఉంటే అది రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ చేతిలో లేకుండా సెక్యూర్ బూట్‌ని ముట్టుకోకండి.

7. వైఫై వస్తూ పోతూ ఉంటే

డ్రైవర్ ఎక్కింది, కానీ వేగం లేదు లేదా పది నిమిషాలకోసారి తెగుతోంది. చాలాసార్లు కారణం పవర్ సేవింగ్. ఈటీసీ కింద నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్‌లో (ఈ పేరులో ఎన్, ఎం పెద్ద అక్షరాలు), కాన్ఫ్.డీ లోపల "డిఫాల్ట్-వైఫై-పవర్‌సేవ్-ఆన్.కాన్ఫ్" ఫైల్ ఉంటుంది. అందులో 3ని 2 చేసి సేవ్ చేసి రీస్టార్ట్ చేయండి. 3 అంటే ఆన్, 2 అంటే ఆఫ్.

8821సీఈ అప్పటికీ తెగుతుంటే, ఈటీసీ కింద మాడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో కొత్త ఫైల్ పెట్టి (పేరు చివర .కాన్ఫ్ ఉండాలి) ఈ ఒక్క వరుస రాయండి:

ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_పీసీఐ డిసేబుల్_ఏఎస్‌పీఎం=వై

పాత లాప్‌టాప్‌లలో ఉండే బ్రాడ్‌కామ్ బీసీఎం43142 (14ఈ4:4365) కెర్నల్‌లోని డ్రైవర్లతో పనిచేయదు. దానికి "బీసీఎండబ్ల్యూఎల్-కెర్నల్-సోర్స్" ప్యాకేజీ వేయాలి.

ఇంతకీ లొంగకపోతే కార్డు మార్చడమే మంచిది. ఎం.2 2230 సైజు ఇంటెల్ ఏఎక్స్210 లినక్స్‌తో చక్కగా నడుస్తుంది. దుకాణంలో ఏఎక్స్211 ఇస్తే తీసుకోకండి. ఒక్క అంకె తేడానే, కానీ 211 ప్రత్యేకంగా కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లకే పనిచేస్తుంది, ఏఎండీ లాప్‌టాప్‌లో అసలు పలకదు. 210 రెండిట్లోనూ పనిచేస్తుంది. కొనే ముందు వెనక మూత తీసి, కార్డు బోర్డుకి అతికించి ఉందో, స్క్రూతో ఉందో చూడండి. అతికించి ఉంటే యూఎస్‌బీ డాంగిలే దారి. కొన్ని పాత హెచ్‌పీ, లెనోవో మెషీన్లలో బయోస్ తన జాబితాలో లేని కార్డుని ఒప్పుకోదు.

8. ఎన్‌విడియా, నల్లటి స్క్రీన్

బూట్ మెనూ కోసం ఆన్ చేయగానే ఎస్కేప్ కీ తడుతూ ఉండండి. ఉబుంటు వరుస మీద "ఈ" నొక్కి, "లినక్స్" అని మొదలయ్యే వరుస చివర ఖాళీ ఇచ్చి "నోమోడ్‌సెట్" చేర్చి, ఎఫ్10 నొక్కండి. తక్కువ రిజల్యూషన్‌తో డెస్క్‌టాప్ వస్తుంది. అప్పుడు 5లో చెప్పిన ఉబుంటు-డ్రైవర్స్‌తో డ్రైవర్ ఎక్కించండి.

ఇలా చేర్చిన నోమోడ్‌సెట్ ఆ ఒక్క బూట్‌కే. దాన్ని గ్రబ్ (బూట్ మెనూ) ఫైల్‌లో శాశ్వతంగా రాసేసి మర్చిపోవడం పెద్ద తప్పు. డ్రైవర్ బాగున్నా గ్రాఫిక్స్ నత్తనడక నడుస్తాయి, బ్రైట్‌నెస్ కూడా మారకపోవచ్చు.

ఎన్‌విడియా సైట్‌లో దొరికే .రన్ ఫైల్ వాడకండి. ప్యాకేజీ మేనేజర్‌కి దాని సంగతి తెలియదు, తర్వాతి అప్‌డేట్‌లలో రెండూ కొట్టుకుంటాయి.

ఎక్కించాక "ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ" కొడితే కార్డు పేరు రావాలి. వెర్షన్ మిస్‌మ్యాచ్ అని వస్తే అప్‌డేట్ తర్వాత రీస్టార్ట్ చేయలేదంతే. సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ అయితే కార్డు తరం చూసుకోండి: పాత తరాలైన ఫెర్మీకి 390, కెప్లర్‌కి 470 డ్రైవర్ల దగ్గరే మద్దతు ఆగిపోయింది. అవి ఉంటే కెర్నల్‌లోనే ఉండే ఓపెన్ సోర్స్ డ్రైవర్ నూవోతో సరిపెట్టుకోవడం నయం.

9. సౌండ్, టచ్‌ప్యాడ్

సెట్టింగ్స్‌లో "డమ్మీ అవుట్‌పుట్" అని మాత్రమే ఉంటే "ఏప్లే -ఎల్" కొట్టండి. కార్డులు కనపడితే "ఆల్సామిక్సర్" తెరిచి, ఎఫ్6తో కార్డు ఎంచుకుని, "ఎంఎం" అని ఉన్న చోట ఎం నొక్కి మ్యూట్ తీయండి. కార్డే లేకపోతే లాగ్‌లో "సాఫ్" (ఎస్, ఓ, ఎఫ్) అనే మాట కోసం వెతకండి. కొత్త ఇంటెల్ లాప్‌టాప్‌ల సౌండ్‌కి ఆ ఫర్మ్‌వేర్ కావాలి. డెబియన్‌లో "ఫర్మ్‌వేర్-సాఫ్-సైన్డ్".

టచ్‌ప్యాడ్ నిద్ర నుంచి లేచాక పనిచేయకపోతే "సుడో మాడ్‌ప్రోబ్ -ఆర్ పీఎస్‌మౌస్", వెంటనే "సుడో మాడ్‌ప్రోబ్ పీఎస్‌మౌస్". ఐ2సీ టచ్‌ప్యాడ్ అయితే ఆ పేరు బదులు "ఐ2సీ_హెచ్‌ఐడీ_ఏసీపీఐ". కొన్ని ఏసర్ మోడళ్ల బయోస్‌లో టచ్‌ప్యాడ్‌కి బేసిక్, అడ్వాన్స్‌డ్ అని రెండు ఆప్షన్లు ఉంటాయి. ఒకటి పనిచేయకపోతే రెండోది పెట్టి చూడండి.

10. నిన్నటిదాకా పనిచేసి, అప్‌డేట్ తర్వాత ఆగిపోతే

బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి. పనిచేస్తే లోపం కొత్త కెర్నల్‌లోనో, దానికి కట్టుబడని డీకేఎంఎస్ మాడ్యూల్‌లోనో ఉంది. కొత్త కెర్నల్ మీద అన్నీ పరీక్షించేదాకా "ఆటోరిమూవ్" కొట్టకండి, పాత కెర్నల్ చేజారిపోవచ్చు.

11. కొనే ముందు, అడిగే ముందు

గవర్నర్‌పేటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో లాప్‌టాప్ చూడ్డానికి వెళుతుంటే లైవ్ పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకోండి. సెకండ్‌హ్యాండ్ అమ్మేవాళ్లు అడిగితే సాధారణంగా బూట్ చేయనిస్తారు. చూడాల్సినవి:

- వైఫై జాబితా వస్తోందా, ఫోన్ హాట్‌స్పాట్‌కి కలుస్తోందా
- స్పీకర్, హెడ్‌ఫోన్, మైక్ మూడూ
- మూత మూసి తెరిస్తే లేస్తోందా, లేచాక టచ్‌ప్యాడ్, వైఫై ఉన్నాయా
- బ్రైట్‌నెస్ కీలు, వెబ్‌క్యామ్
- వేలిముద్ర సెన్సర్ (లినక్స్‌లో చాలావాటికి మద్దతు లేదు, దాన్ని నమ్ముకుని కొనకండి)
- ఇన్‌స్టాలర్‌కి డిస్క్ కనపడుతోందా. లేకపోతే బయోస్‌లో వీఎండీ లేదా రైడ్ మోడ్ (డిస్క్‌ని నడిపే పద్ధతులు) ఆన్‌లో ఉండొచ్చు. దుకాణంలో దాన్ని మార్చకండి, అలాగే మారిస్తే అందులోని విండోస్ బూట్ కాకపోవచ్చు

అన్నీ చేసినా తేలక ఎవరినైనా అడగాల్సి వస్తే, "వైఫై రావట్లేదు, సాయం చేయండి" అని ఒక్క వాక్యం రాస్తే జవాబిచ్చేవాళ్లకు ఆధారం ఉండదు. ఇవి పంపండి: డిస్ట్రో పేరు, వెర్షన్, యూనేమ్ -ఆర్ ఇచ్చింది, చదరపు బ్రాకెట్ల ఐడీతో సహా ఆ చిప్ మూడు వరుసలు, లాగ్‌లో ఆ డ్రైవర్ పేరున్న వరుసలు, సెక్యూర్ బూట్ స్థితి, ఇప్పటిదాకా చేసిన మార్పులు వరుసగా. స్క్రీన్‌కి ఫోన్‌తో తీసిన ఫొటో కాకుండా టెక్స్ట్‌గానే అతికించండి, అవతలివాళ్లు అందులోంచి ఐడీని కాపీ చేసుకుని వెతకగలగాలి. మ్యాక్ అడ్రస్, సీరియల్ నంబర్ ఉంటే చెరిపేశాకే పంపండి.